బూజు గోడకి తవిటిబావ వైద్యం

మా పడకగది గోడను నేను పట్టపగలు, పూర్తి స్పృహలో ఉండి, నవ్వుతూ నాశనం చేయించాను. వరదొచ్చి కాదు, భూకంపమొచ్చి కాదు. బావొచ్చి. ఆ వైభవమంతా ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. విన్నాక మీరెవరూ జన్మలో మీ ఇంటి తలుపుకు గడియ బిగించే మనిషిని మాట్లాడిపెట్టమని కూడా నన్ను అడగరు. మా ఆవిడైతే ఇప్పటికే అడగడం మానేసింది. గ్యాసు బండ వచ్చినా తనే వెళ్ళి మాట్లాడుతుంది, నన్ను లోపల కూర్చోమంటుంది.

అప్పటికి మాకు పెళ్ళయి రెండేళ్ళు. చీపురుపల్లిలో రైల్వే స్టేషనుకు ఇవతల ఒక పాత డాబా ఇల్లు కొనుక్కున్నాం. నేను అక్కడే జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. మా ఆవిడ హైమ పురిటికి కోటబొమ్మాళిలో పుట్టింటికి వెళ్ళింది. పాప పుట్టింది! ఆ కబురు విన్న పూట నేను క్లాసులో బోర్డు మీద వేసిన లెక్క ఈనాటికీ ఎవరికీ తేలలేదు. మూడో నెలలో పాపను మా ఇంటికి తీసుకురావడానికి మా మామగారు మంచిరోజు చూపించారు. ఆ రోజున చుట్టాలందరికీ మా ఇంట్లోనే భోజనాలు. ఇంక నా హడావుడి చూడాలి మీరు! ఉయ్యాల కొన్నాను. గిలక్కాయలు కొన్నాను. పాపకింకా మెడ నిలవలేదు, నేను మూడుచక్రాల సైకిలు బేరమాడి వచ్చాను.

అన్నీ చూసుకున్నాను గాని గోడను చూసుకోలేదు.

ఆ ఏడాది వానలు వదలకుండా పడ్డాయి. పడకగదిలో తూర్పు గోడ చెమ్మెక్కి నల్లగా బూజు పట్టింది. మొదట అప్పడమంత ఉన్న మచ్చ దసరా నాటికి దుప్పటంత అయింది. నేను ఊరుకుంటానా? చదువుకున్నవాణ్ణి, తెలివైనవాణ్ణి. మచ్చ మీద సున్నం కొట్టించాను. గోడ మల్లెపువ్వులా అయింది. ఫోటో తీసి హైమకు పంపాను. వారం తిరక్కుండా సున్నంలోంచి మచ్చ మళ్ళీ పైకి తేలింది. మళ్ళీ కొట్టించాను. మళ్ళీ తేలింది. గోడకీ నాకూ పంతం పడిపోయింది. గదిలో అడుగుపెడితే తడిసిన గోనెసంచి వాసన, వెంటనే తుమ్ము.

ఆ తుమ్మే నా కొంప ముంచింది. ఓ సాయంత్రం ఆ గదిలోంచే ఫోను మాట్లాడుతూ వరసగా తుమ్మేసరికి హైమకు అనుమానం వచ్చింది.

"ఏటండీ, ఆ మచ్చ మళ్ళీ వచ్చిందా?"

"ఆఁ... కొంచెం. దూరం నుంచి చూస్తే కనపడదు."

"పాప దూరం నుంచి చూడదు. ఆ గోడ పక్కనే ఉయ్యాల్లో పడుకుంటాది. రాత్రంతా ఆ బూజు పీలిస్తే పసిగుడ్డు ఏటైపోతాది? గోడ బాగుపడితేనే పాపని తెస్తాను. లేకపోతే భోజనాలూ లేవు, ఏటీ లేవు."

పాపను నేను పురిటి గదిలో ఒకసారి, తర్వాత ఓ ఆదివారమూ చూశానంతే. మిగతాదంతా ఫోనులోనే చూడ్డం. ఎత్తుకుని మా ఇంట్లో ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి తిరగాలని ఎన్ని కలలు కన్నానో! ఆ కలకు అడ్డంగా ఒక నల్ల గోడ లేచింది.

హైమ బడిలో టీచరు. ఏ పనైనా పద్ధతిగా చేస్తుంది. మర్నాటికల్లా మనిషిని కూడా వెతికేసింది. "విజయనగరంలో శిరీష అని ఒకావిడ ఉన్నాదట. గోడల బూజు వదిలించడమే ఆవిడ పని. మా హెడ్మాస్టారింట్లో చేసిందట, రెండు వానాకాలాలు వెళ్ళినా మళ్ళీ మచ్చ రాలేదట. ఆవిడతో నాను మాట్లాడేను. రేపు మనింటికి పంపిస్తన్నాను. మీరు అడగవలసింది కొంచమే. చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తందో ముందు చూస్తారా, ఏ మందు వాడతారు, పసిపిల్లున్న గదికి అది పర్వాలేదా. గుర్తుంటాదా?"

"హైమా, నేను లెక్కల మాస్టారిని. మనిషిని చూడగానే నాకు తెలిసిపోతుంది."

ఈ ముక్కన్నవాడు తర్వాత ఎంత సుఖపడతాడో మీకు తెలుసు కదా.

ఇక్కడ మా ప్రాంతం వాళ్ళ జబ్బు ఒకటి చెప్పాలి. మా వైపు కొత్త మనిషి కనిపిస్తే పేరు ఎప్పుడో తీరుబాటుగా అడుగుతాం. ముందు అడిగేది ఏ ఊరు అని. తర్వాత ఎవరి తాలూకా అని. అంటే ఏ ఇంటి మనిషివి, ఎవరి కొడుకువి, ఎవరి మనవడివి అని. అలా తీగ లాగి లాగి ఏదో ఒక వరస తేలేదాకా మాకు తిన్నది అరగదు. వరస తేలిందా, ఇంక ఆ మనిషిని నమ్మడానికి వేరే కాగితాలు అక్కర్లేదు. నాకు ఆ జబ్బు మరీ ముదిరిపోయింది.

శిరీష వచ్చింది. చేతిలో చిన్న యంత్రం, భుజాన సంచి. చెప్పులు విప్పి తిన్నగా గోడ దగ్గరకే వెళ్ళింది. యంత్రాన్ని గోడకు ఆనించి చూసింది, పైకి చూసింది, ఈ గోడకు అవతల ఏముందని అడిగింది.

"బాత్రూమండీ. ఇంతకీ మీదే ఊరు?"

"విజయనగరం సార్. బాత్రూములో పైపు గోడలోంచి వెళ్ళిందా, బయటనుంచా?"

"విజయనగరమంటే పనికోసం ఉంటున్నది. సొంతూరు?"

"అదేనండీ సొంతూరు. సున్నం ఎప్పుడు కొట్టించారు?"

"అక్కడ ఎవరి తాలూకా?"

ఆవిడ యంత్రం కిందికి దించి నావైపు తిరిగింది. "సార్, నేను గోడ చూడ్డానికొచ్చేను. సంబంధం మాట్లాడ్డానికి రాలేదు."

నా ముఖం మాడిపోయింది. పోనీ కాఫీ తాగుతూ మెల్లిగా కనుక్కుందామనుకుంటే కాఫీ కూడా వద్దంది! నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో తేలాలి, ఆ పైపు ఒకసారి తవ్వి చూడాలి, అంతవరకు గోడ ముట్టుకోనంది. తను చేసిన ఇళ్ళ పేర్లు చెప్పి, కావలిస్తే వాళ్ళకి ఫోను చేసి అడగమంది. మందు గురించి నేను అడక్కముందే తనే చెప్పేసింది, పాప రావడానికి ముందు గది ఎన్నాళ్ళు ఆరబెట్టాలో కూడా చెప్పింది. చూశారా, ఎంత అనుమానించాల్సిన మనిషో!

సాయంత్రం హైమ ఫోను చేసింది. "ఎలగున్నాది ఆవిడ?"

"నాకెందుకో నమ్మకం కుదర్లేదు హైమా."

"ఎందుకూ?"

"ఎవరి తాలూకాయో చెప్పలేదు."

అవతల హైమ గట్టిగా ఏదో అంటూండగా మా మామగారు ఫోను లాక్కున్నారు. ఆయన ఫోను మాట్లాడితే ఈ ఊళ్ళోకి ఆ ఊళ్ళోంచి అరిచినట్టుంటుంది. "అల్లుడూ! కంగారు పడకు. రేపొద్దున్న నాను ఒక మనిషిని పంపిస్తన్నాను. మా ఊరోడే, బంగారం లాటోడు. పని కళ్ళకద్దుకుంటావు. నువ్వు దగ్గరుండి మాటాడుకో!" అని పెట్టేశారు.

ఏ పనికి పంపిస్తున్నారని నేను అడగలేదు. ఇంట్లో ఉన్న పనల్లా గోడే కదా!

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఒకాయన. పంచె, భుజాన తువ్వాలు, నిండైన పొట్ట, ముఖం నిండా నవ్వు. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. "కోటబొమ్మాళి నుంచి మీ మావ పంపించినాడు బాబూ. నా పేరు తవిటినాయుడు."

"రండి రండి! కోటబొమ్మాళే మీది?"

"ఉండడం అక్కడే గాని, మా అమ్మ పుట్టిల్లు పాలకొండ దగ్గిర."

నేను కుర్చీలో ముందుకు జరిగాను. "పాలకొండ దగ్గర ఏ ఊరు?"

ఆయన చెప్పింది మా అమ్మమ్మగారి ఊరే!

"అక్కడ ఎవరి తాలూకా?"

"గున్నమ్మ కూతురి కొడుకుని."

"ఏ గున్నమ్మ? రామమందిరం వీధిలో గున్నమ్మా? మా అమ్మమ్మకి వదినగారు?"

"ఆ గున్నమ్మే! అయితే నువ్వు..."

మేమిద్దరం వేళ్ళు మడుస్తూ లెక్క కట్టాం. నేను కాలేజీలో ఇంత హుషారుగా ఏ లెక్కా చెయ్యలేదు. వాళ్ళమ్మ మా అమ్మకు వదినవుతుంది. అంటే నాకు అత్త. అత్త కొడుకంటే?

"బావా!" అన్నాను లేచి నిలబడి.

"బావా!" అన్నాడాయన చేతులు చాచి.

కౌగిలించుకున్నాం. ఉప్మా పెట్టాను. కాఫీ ఇచ్చాను, తాగాడు. రెండోసారి ఇచ్చాను, అదీ తాగాడు. మనిషంటే అలా ఉండాలి. ఏం పని చేస్తావని అడగడం కూడా మర్యాద కాదనిపించింది. బావను పట్టుకుని అలాంటి ప్రశ్నలు ఎవరైనా అడుగుతారా? తిన్నగా చెయ్యి పట్టుకుని గోడ ముందు నిలబెట్టాను.

"ఇదిగో బావా. పాప వచ్చేలోపల నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి. నీ చేతిలో పెట్టేశాను."

తవిటిబావ గోడను చూశాడు. నన్ను చూశాడు. "ఇదా? నానా?"

"నువ్వే! ఇంకెవరున్నారు నాకు?"

బావ తల గోక్కున్నాడు. కాసేపు ఆలోచించాడు. "సరే బావా. నువ్వు సెప్పినాక కాదంటానా? ఇంట్లో పసుపు ఉన్నాదా?"

"పసుపా?"

"సానా కావాల. నిమ్మకాయలు, కల్లుప్పు, కొబ్బరి పీసు కూడా పట్రా. అడుగంటీసిన గుండిగ ఎంత నల్లగున్నా దీనితో తోమితే మెరిసిపోతాది. గోడెంత?"

నేను పులకరించిపోయాను. శిరీష చెప్పిన మందు పేరు పలకడానికి నాకు నోరే తిరగలేదు. మా బావది ఇంట్లో దొరికే వైద్యం! పసిపిల్లకు పసుపుకంటే మంచిది ఏముంటుంది? బజారుకు పరుగెత్తి పసుపు తెచ్చాను, దారిలోనే హైమకు ఫోను చేశాను.

"హైమా, మీ నాన్న పంపిన మనిషి వచ్చాడు! అద్భుతం! అంతా సహజమైన పద్ధతి!"

"ఎవరాయన? ఇంతకుముందు ఎవరింట్లో చేశాడు? అడిగేరా?"

"ఇప్పుడే అడుగుతాను." ఫోను చెవికి ఆనించుకునే ఇంటికొచ్చి, ఒక పొట్లం బావకిచ్చి అడిగాను. "బావా, ఇంతకుముందు ఎక్కడెక్కడ చేశావు?"

బావ పసుపు కలుపుతూ గర్వంగా తలెత్తాడు. "మా సుట్టుపక్కల ఏ పెళ్ళయినా నాను ఉండాల్సిందే. మీ పెళ్ళికి కూడా నానే. మీ మావ ఎంత మెచ్చుకున్నాడో! అంత జనంలో ఒక్కరికి కడుపునొప్పి రాలేదు."

"విన్నావా హైమా?" అన్నాను ఫోనులో. "మన పెళ్ళప్పుడు మీ ఇంట్లో చేసింది కూడా ఈయనే. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదట!"

మీరు నవ్వుతున్నారు. మీకు అర్థమైపోయింది. ఎదురుగా నిలబడి, చెవులారా విని, పసుపు పొట్లం పట్టుకున్న నాకు మాత్రం అర్థం కాలేదు.

"మా పెళ్ళికి మా ఇంట్లో గోడలెవరు తోమేరు?" అంది హైమ నెమ్మదిగా. ఆ నెమ్మది చాలా ప్రమాదకరమైనది. "మీరు ఏటీ చెయ్యకండి. ఆయన్నీ చెయ్యనివ్వకండి. మేము బయల్దేరుతన్నాం."

అప్పటికే ఆలస్యమైపోయింది. బావ పంచె ఎగ్గట్టి కొబ్బరి పీచుతో గోడను రుద్దుతున్నాడు. నల్ల పొడి గదంతా లేచింది. గాలాడాలని నేను ఫ్యాను వేశాను. నా తెలివిని మీరు గమనించాలి. ఆ పొడి మంచం మీదికీ, ఉయ్యాల మీదికీ, పాపకోసం కొన్న దోమతెర మీదికీ చక్కగా వెళ్ళి సర్దుకుంది. నేను తుమ్మితే బావ తుమ్మాడు. బావ తుమ్మితే పక్కింటివాళ్ళు తలుపు వేసుకున్నారు.

తర్వాత నిమ్మరసంలో కలిపిన పసుపు ముద్ద గోడంతా పట్టించాడు. అబ్బ, ఏం రంగు! బంగారం పూసినట్టు గది వెలిగిపోయింది. నల్ల మచ్చ ఎక్కడా కనపడలేదు. నేను బావ చేతులు పట్టుకున్నాను. తలుపు వేసి, ఇద్దరం వసారాలో కూర్చుని, మా గున్నమ్మ గురించి కబుర్లలో పడ్డాం.

లోపల గోడ తన పని తను చేసుకుంటోంది. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో మన ఇళ్ళల్లో పలకా బలపం పట్టని పిల్లకి కూడా తెలుసు. నిమ్మరసం పులుపు ఉన్నంతసేపూ పసుపు పసుపులా ఉంది. చెమ్మకు సున్నం ఊరి పైకి వచ్చేసరికి, అప్పుడు మొదలైంది.

మధ్యాహ్నం దాటాక కారు వచ్చి ఆగింది. హైమ దిగలేదు. పాపను ఒళ్ళో పెట్టుకుని కిటికీ దించింది. పాప! బుగ్గలు ఎంత వచ్చాయో! నేను చెయ్యి చాచాను.

"ముందు గది చూపించండి," అంది హైమ. పాపను మామగారికి ఇచ్చి దిగింది. నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

నేను ఠీవిగా వెళ్ళి పడకగది తలుపు తోశాను.

గోడ ఎర్రగా ఉంది. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు. పైనుంచి కిందికి ధారలు కట్టిన నెత్తుటి ఎరుపు. మధ్యలో మా మచ్చ పాత చోటే, మునుపటికంటే నల్లగా, మెరుస్తూ ఉంది. కిందంతా ఎర్రటి మడుగు.

"అమ్మో!" అంది హైమ. "ఎవరినైనా చంపేరా?"

"లేదు లేదు! ఇది వైద్యం. ఇదిగో, మీ నాన్న పంపిన స్పెషలిస్టు. పైగా నాకు బావ!"

అప్పుడే పాపనెత్తుకుని మామగారు లోపలికొచ్చారు. గోడను చూశారు, పసుపు చేతులతో నిలబడిన బావను చూశారు. "ఒరే తవిటీ! నువ్వు గోడ కాడ ఏటి సేస్తన్నావురా? భోజనాలకి ఏటేటి వండాలో మాటాడుకుని రమ్మని కదా పంపినాను!"

నేను బావవైపు తిరిగాను. "నువ్వు... వంటవాడివా?"

"మరి? నన్నింకేటనుకున్నావు?"

"మరి గోడెందుకు రుద్దావు బావా!"

తవిటిబావ నిజంగానే నొచ్చుకున్నాడు. "నువ్వు సెయ్యమన్నావు, సేసినాను. బావ అని నోరారా పిలిసి, కాఫీలిచ్చి, నువ్వు తప్ప నాకెవరున్నారని అడిగినాక కాదంటే బాగుంటాదా? నానూ అదే అనుకున్నాను, వంటోడి సేత గోడలు తోమిస్తన్నాడేటని. సదువుకున్నోడు గదా, ఏదో ఉంటాదిలే అనుకున్నాను!"

ఆఖర్న కారు దిగి మా అత్తగారు వచ్చారు. అప్పుడే మొదటిసారి గుమ్మం ఎక్కేసిన మనవరాలికి దిష్టి తియ్యాలని పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళ గిన్నె చేత్తో పట్టుకుని వచ్చారు. తన గిన్నెలోకి చూసుకున్నారు. మా గోడవైపు చూశారు. మళ్ళీ గిన్నెలోకి చూసుకున్నారు.

"ఏటి బాబూ," అన్నారు దిగులుగా, "పసిదాని దిష్టికి గిన్నెడు సాలదని గదంతా కలిపీసినావా?"

మొదట నవ్వింది హైమే. గోడకు ఆనుకోబోయి, ఎరుపంటుతుందని ఆగి, నేలమీద కూలబడి నవ్వింది. మామగారు నవ్వారు. తవిటిబావ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ గోలకు పాప కూడా బోసినోరు తెరిచింది. నేనొక్కణ్ణే నవ్వలేదు, ఎందుకంటే నాకు తర్వాత జరగబోయేది తెలుసు. హైమ కళ్ళు తుడుచుకుని లేచి, పాపను ఎత్తుకుని, తిరిగి కారెక్కింది. నాకు ఎత్తుకోవడానికి ఇచ్చింది, అది నిజం. కారు బయల్దేరేదాకా ఎత్తుకున్నాను. పాప మెడ దగ్గర పాలవాసన. కారు మలుపు తిరిగాక వసారాలో కూర్చుంటే ఏడుపొచ్చింది. పక్కన తవిటిబావ కూర్చుని తువ్వాలిచ్చాడు. దానికి పసుపుంది, నా ముఖానికి అంటింది.

హైమ దారిలోంచే శిరీషతో మాట్లాడేసింది. ఆవిడ వచ్చి, ఎర్రగోడను చూసి పెదవి బిగపట్టింది. బాత్రూము పైపు తవ్వించింది. గోడలోపల అది పగిలి ఎన్నాళ్ళనుంచో ఊరుతోంది. పైపు మార్పించి, గోడ పెచ్చు చెక్కించి, ఆరబెట్టి, మందు వేసి, మళ్ళీ పూత పూయించింది. నేను ఆ పని జరిగినన్నాళ్ళూ పెదవి విప్పలేదు. కాఫీ మాత్రం ఇచ్చాను. పని పూర్తయ్యాక తాగింది.

పాపను తర్వాతి మంచిరోజున తెచ్చారు. భోజనాలు తవిటిబావవే. ఆ గుమ్మడికాయ దప్పళం తిన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాత్రి పాప తూర్పు గోడ పక్కన ఉయ్యాల్లో ఒక్క తుమ్మయినా లేకుండా పడుకుంది. నేను పడుకోలేదు, చూస్తూ కూర్చున్నాను.

కాబట్టి అయ్యలారా అమ్మలారా, నిండు సభలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా ఇంటికి పనికొచ్చిన మనిషిని ముందు ఏం పని చేస్తావని అడుగుతాను. ఎవరింట్లో చేశావని అడిగి, ఆ ఇంటికి ఫోను కూడా చేస్తాను. ఈ సంగతులన్నీ తేలేదాకా బావ అని గాని, మావ అని గాని నోరు జారను. అసలు ఊరే అడగనని కూడా ప్రమాణం చెయ్యమంది హైమ. చాలాసేపు ఆలోచించాను. దొంగ ప్రమాణం చేస్తే పాపకు మంచిది కాదని ఆ ఒక్కటీ చెయ్యలేదు.